పక్కింటి నిప్పు

మా పెరట్లో నిలబడి తలెత్తితే ఆకాశం కంటే బాల్కనీలే ఎక్కువ కనిపిస్తాయి. మూడు వైపులా ఒకటే అపార్ట్‌మెంట్, నాలుగో వైపు సర్వీసు రోడ్డు, నడుమ మా ఇల్లు. ముందు రేకుల పంచలో మా ఆయన కుండలు చేసే సారె, వెనక ఆవం. ఆవం అంటే పచ్చి మట్టి సామాను పేర్చి కాల్చే బట్టీ. మోకాలి లోతు గుంత, చుట్టూ నడుమెత్తు మట్టి గోడ, అంతే. కొత్తవాళ్ళు చూసి నీళ్ళు లేని బావి అనుకుంటారు. మా స్థలం అడగడానికి బిల్డర్ల మనుషులు వచ్చినప్పుడల్లా నేను ముందు అక్కడికే తీసుకుపోయేదాన్ని. ఇల్లు ఎక్కడైనా కట్టుకుంటాం, దీన్ని ఎక్కడ కట్టుకోమంటారో చెప్పండి అనేదాన్ని. వాళ్ళ సంచుల్లో అన్నిటికీ కాగితాలుండేవి, దీనికి మాత్రం ఉండేది కాదు.

మేము కుమ్మరోళ్ళం. మా ఇళ్ళలో ఆడవాళ్ళు సారె తిప్పరు. తిప్పకూడదని ఎవరన్నారో నేను ఎప్పుడూ అడగలేదు, ఎందుకంటే తిరిగేదాన్ని చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. నా చేతిపని పలకలు. దేవుడి రూపం ఉబ్బెత్తుగా తేలే మట్టి పలకలు. గోనెపట్టా మీద బూడిద చల్లి, మట్టి ముద్దను చెక్కతో చరిచి వేలు మందాన పరుస్తాను. వెనక నుంచి వేళ్ళతో నెట్టి, ముందు నుంచి బొటనవేలితో నొక్కి ముఖం తెస్తాను. వినాయకుడి బొజ్జైనా అమ్మవారి ముఖమైనా లోపల బోలుగా ఉండాలి, వెనక ఒక సన్నటి రంధ్రం పొడవాలి. అది మరిచిపోతే లోపలి గాలికి దారి ఉండదు. ఆవంలో ఆ దేవుడు టపాకాయలా పేలిపోతాడు, పక్కనున్న నలుగురు దేవుళ్ళనూ తీసుకుపోతాడు. కాపురానికి వచ్చిన కొత్తలో నేనొక హనుమంతుడిని అలాగే పేల్చాను. మా అత్త ఆ ముక్కలన్నీ ఏరి నా ఒడిలో పోసి, "దేవుడైతే మాత్రం ఊపిరాడొద్దానే?" అంది. ఆ తర్వాత ఇప్పటి దాకా ఒక్క దేవుడికీ ఊపిరి ఆపలేదు.

మట్టి ఒకప్పుడు చెరువులోంచి వచ్చేది. ఇప్పుడు సెల్లార్లలోంచి వస్తుంది. బాచుపల్లిలో ఎక్కడో పాత చెరువు నీళ్ళు నిలిచిన శిఖం నేలలో సెల్లారు తవ్వుతున్నారని తెలిస్తే మా ఆయన ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోతాడు. నేనూ పోతాను, ఎందుకంటే ఆయనకు మట్టి చూపుకు నచ్చితే చాలు, నాకు నాలుకకు నచ్చాలి. చిటికెడు నోట్లో వేసుకుంటే ఇసుక ఎంతుందో, సున్నం ఉందో లేదో తెలుస్తుంది. హెల్మెట్లు పెట్టుకున్న ఇంజనీర్లు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళు సంచి నింపి ల్యాబుకు పంపి వారం ఆగుతారు, నేను ఉమ్మేసి ఆటో ఎక్కుతాను.

పలకలు కొనేది ఎక్కువగా ఫ్లాట్ల వాళ్ళే. గుమ్మం పక్క గోడకు వినాయకుడు, పూజగదిలో లక్ష్మి. ఒకాయన వినాయకుడి చేతిలో లాప్‌టాప్ పెట్టమని ఫోటో పంపించాడు. మోదకం పెట్టి పంపాను. కానీ ఆ పలకలన్నీ ఒక ఎత్తు, పోచమ్మ పలక ఒక ఎత్తు. సర్వీసు రోడ్డు మలుపులో, పెట్రోలు బంకు గోడనానుకుని మా ఊరి పోచమ్మ గుడి ఉంది. గుడి అంటే నలుగురు నిలబడితే నిండిపోతుంది. అందులో రాతి విగ్రహం లేదు. ప్రతి ఆషాఢంలో పాత మట్టి పలక తీసి వేపచెట్టు మొదట్లో పెడతారు, కొత్త పలక గోడకు నిలుపుతారు. ఆ పలక మా ఇంటి నుంచే పోవాలి. మా అత్త చేసింది, ఆమెకు ముందు ఆమె అత్త చేసింది. ఇప్పుడు నేను చేస్తున్నాను. ఆ అమ్మవారి ముఖం నా చేతిలో ఎలా వస్తుందో మా అత్త చేతిలో కూడా అలా రాలేదు, ఈ మాట ఆమె బతికుండగానే ఆమె ముందే అన్నాను. ఆమె టీ చల్లారుతోంది, తాగమంది.

ఆవానికి మాత్రం మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మా నిప్పు మేము పెట్టుకోం. పక్కింటి నుంచి అడిగి తెచ్చుకుంటాం. కాల్చే రోజు పొద్దున స్నానం చేసి, పగిలిన కుండ పెంకు పట్టుకుని పక్కింటికి పోవాలి. ఆ ఇంటి ఆడమనిషి తన పొయ్యిలోంచి రెండు కణికలు తీసి పెంకులో వెయ్యాలి. మర్నాడు ఆవం విప్పినప్పుడు చేతికి ఏది మొదట తగిలితే అది, కుండ కానీ దేవుడు కానీ, నిప్పిచ్చిన ఇంటికి పోవాలి. ఇదంతా ఎందుకని అడిగితే మా అత్త, "అడిగితె నీదేమన్న అరిగిపోతదా?" అంది. ఇంతకు మించి ఆమెకూ తెలియదనే అనుకున్నాను.

పక్కింటి వదినె నాకు ముప్పై ఏళ్ళు నిప్పిచ్చింది. పొగ సూటిగా వాళ్ళ ఇంట్లోకే పోయేది. ఒక్కనాడు మాట అనలేదు. తర్వాత అటువైపు ఇళ్ళన్నీ అపార్ట్‌మెంటుకు ఇచ్చేశారు. వదినె బాచుపల్లిలో కొడుకు ఫ్లాటుకు పోయింది. పోయేరోజు తన పొయ్యి రాళ్ళు మూడూ తెచ్చి మా పెరట్లో పెట్టింది, అక్కడ పెట్టుకునే చోటు లేదని.

బిల్డింగు లేచినన్నాళ్ళు అక్కడి కూలీల పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకున్నాను. ఫ్లాట్లలో జనం దిగాక రెండుసార్లు ఆవం పెట్టాను. నిప్పు అడగడానికి పక్కన ఇల్లేది? గోడ ఉంది, గోడ మీద కెమెరా ఉంది. అగ్గిపుల్ల గీసి అంటించాను. పని జరిగింది కదా అనుకున్నాను.

మొదటిసారి పొగ లేచిన సాయంత్రమే ఒకాయన వచ్చాడు. అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి, ఆరో అంతస్తు. నలభై ఏళ్ళుంటాయి, మెడలో ఆఫీసు ట్యాగు ఇంకా వేలాడుతోంది. గోదావరి వైపు మాట, మర్యాదగానే మాట్లాడాడు.

"ఈ పొగ కొంచెం ఆపాలండి. మా పాపకి ఆస్తమా. పొద్దున్నుంచీ కిటికీలు తీయలేకపోయాం."

"మీ బిల్డింగు లేవకముందు మా పొగ ఎవలకూ అడ్డం రాలే సారూ. మీరే వచ్చి దానికి అడ్డం నిలవడ్డరు."

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ మాట ఎంత బాగా తగిలిందో మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి పొగ లేచినప్పుడు కార్యదర్శి రాలేదు. మున్సిపాలిటీ నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు. ఆవం చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. "ఇంకొక్క కంప్లైంటు వస్తే నా చేతుల ఏముండదమ్మా, దీన్ని పూడ్పిస్తరు" అన్నాడు. చెడ్డవాడు కాదు, మంచినీళ్ళడిగి తాగి మరీ చెప్పాడు. పూడ్పించడం అనే మాట మాత్రం నా గుండెలో పడింది. మనుషుల్ని పూడుస్తారు.

ఇగ పోచమ్మ పలక ఎట్లా? మా ఆయన, "మా అక్కోళ్ళ ఊర్లె కాల్చుకొస్తం తియ్, ఫికర్ జెయ్యకు" అన్నాడు. పచ్చి పలకను చెయ్యి దాటించడానికే ఊపిరి బిగబడతాం. ఆ స్పీడు బ్రేకర్ల మీద అరవై కిలోమీటర్లు పోతే అమ్మవారు పిండై దిగుతుంది. కరెంటు బట్టీ ఉన్న చోటు చూపిస్తామని ఎవరో అన్నారు. అది మా ఇంటి నిప్పూ కాదు, పక్కింటి నిప్పూ కాదు. వద్దన్నాను. పలక మాత్రం చేస్తూనే ఉన్నాను. కాల్చడం సంగతి తర్వాత, చెయ్యడం ఆపితే ఓడిపోయినట్టే అని నా మొండితనం.

పలక నీడలో ఆరుతుండగా వదినె వచ్చింది. ఏటా తన బోనం కుండ ముందే చెప్పి పెట్టుకోవడానికి వస్తుంది. టీ ఇచ్చి నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. అన్నీ విని ఒకటే అడిగింది.

"ఆ రెండుసార్లు నిప్పు ఎవలిచ్చిన్రు?"

"ఎవలున్నరు వదినె ఇయ్యనీకి? అగ్గిపెట్టె."

వదినె గ్లాసు కింద పెట్టింది. "నువ్వు అడగకుంట నిప్పు వెట్టినవ్. వాళ్ళు అడగకుంట కంప్లైంటు వెట్టిన్రు. ఇందుల వాళ్ళ తప్పేమున్నదే?"

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళలో నువ్వు పెట్టావా కంప్లైంటు అన్నాను. ఆమె నవ్వింది.

"నువ్వు పెంకు వట్టుకొని వచ్చిన దినం నేనేం జేస్తుంటినో ఎర్కనా? ముందు తీగె మీది బట్టలు తీస్తుంటి. బియ్యం మీద మూత వెడుతుంటి. మీ అన్నకు దమ్ముండె గద, ఆయన్ను చందానగర్ల మా బిడ్డింటికి తోలుతుంటి, పొద్దుగూకినంక రమ్మని. నువ్వు నిప్పు అడుగుడంటె నాకు చెప్పుడే గదనే. చెప్పకుంట పెడితె ఆ మనిషి ఏమైపోతుండె?"

ఆయన దగ్గేవాడని నాకు తెలుసు. ఆవం పెట్టిన రోజు అరుగు మీద కనిపించేవాడు కాడని కూడా, ఇప్పుడు తలుచుకుంటే, తెలుసు. రెండూ కలిపి ఒక్కనాడూ ఆలోచించలేదు. ముప్పై ఏళ్ళు నా కోసం ఒక ముసలాయన ఉబ్బసంతో బస్సెక్కి పోయి వచ్చాడు, నేనేమో నా పొగ ఎవరికీ అడ్డం రాలేదని ఆరో అంతస్తు మనిషి ముఖం మీద అన్నాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నాకు సిగ్గు తొందరగా రాదు, వస్తే మాత్రం కూర్చోనివ్వదు.

పలక ఆరింది. మబ్బులు పడుతున్నాయి, ఇంకో రెండు రోజులాగితే వానలో ఆవం పేర్చడమే కుదరదు. గురువారం పొద్దున స్నానం చేసి, పెంకు పట్టుకుని అపార్ట్‌మెంటు గేటు దగ్గరికి పోయాను. శుక్రవారం ఏ ఇల్లాలూ నిప్పు బయటికి ఇవ్వదు కాబట్టి రోజు చూసుకునే పోయాను. ఎవరింటికి పోవాలో కూడా తేల్చుకున్నాను. గేటు దగ్గర కాపలా కాసే పెద్దాయన, వచ్చినవాళ్ళను ఎక్కించే ఫోను తీశాడు.

"ఏం పని మీదమ్మా?"

"నిప్పు అడగనీకి."

ఆయన ఫోనులో కిందికీ మీదికీ వెతికాడు. "దీంట్ల నిప్పు లేదు. డెలివరీ ఉన్నది, పనిమనిషి ఉన్నది, గెస్టు ఉన్నది."

"గెస్టని కొట్టు."

ఆరో అంతస్తులో తలుపు తీసింది కార్యదర్శి తల్లి. డెబ్భై దాటిన మనిషి, నుదుట విభూతి. వెనకే ఆయన, చెవిలో ఫోను మాట్లాడే మిషను. నన్ను చూడగానే తగువుకు వచ్చాననుకుని దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను పెంకు ముందుకు చాపాను.

"సారూ, ఇయ్యాల ఆవం పెడదామనుకుంటున్న. పొగ మీ ఇంటికే వస్తది. నిప్పు మీ ఇంటి నుంచే గావాలె."

"పొగ వద్దని కంప్లైంటు ఇచ్చిందే నేనండి. నన్నే నిప్పు అడుగుతారేంటండీ?"

"నా పొగ ఎవలింటికి పోతదో వాళ్ళే నాకు పక్కిల్లు సారూ. ఇంతకుముందు రెండుసార్లు అడగకుంట పెట్టిన. తప్పు నాదే. మీరు ఇయ్యకుంటె పెట్టను. పోచమ్మ పలక పచ్చిగనే ఉంటది. అంతే."

అన్న తర్వాత కానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. మూడు తరాల పలకను తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను. ఆయన కుదరదంటే మారుమాటాడకుండా మెట్లు దిగాలి. ఆయన పెంకును చూశాడు, గోడ మీది గడియారం చూశాడు. తల్లి ఆయన్నే చూసింది.

"పాప స్కూలు నుంచి మూడున్నరకి వస్తుందండి" అన్నాడు చివరికి. "అప్పటికి పొగ ఆగుతుందా?"

"రెండింటికి ఆగాలె. ఆగకపోతె నేనే నీళ్ళు గుమ్మరిస్త."

కాలుతున్న ఆవం మీద నీళ్ళు పడితే లోపలున్నదంతా ముక్కలవుతుంది. ఆయనకది తెలియదు. నాకు తెలుసు, అందుకే అన్నాను.

ఆయన తలూపాడు. అంతవరకూ ఆగిన పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. "మా పొయ్యి కరెంటుదమ్మా, దాని మీద గిన్నె వేడెక్కుతుందే కానీ మంట ఉండదు. ఇంట్లో నిప్పంటే దేవుడి దగ్గర దీపమే" అంది. నా పెంకులోనే నూనె పోసి, వత్తి వేసి, దీపం నుంచి అంటించింది. "మా అమ్మ పిడక పట్టుకెళ్ళి పక్కింట్లో నిప్పు తెచ్చుకునేదమ్మా. ఎన్నాళ్ళైందో నిప్పడిగిన మనిషిని చూసి. రేపొచ్చుంటే మాత్రం ఇచ్చేదాన్ని కాదు సుమా" అంది. తెలుసు కాబట్టే ఇవ్వాళ వచ్చానన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

లిఫ్టులో మంట తీసుకుపోతే గంటలు మోగుతాయట. మెట్ల మీద దిగాలి. మంట పట్టుకుని గేటు దాటనివ్వరని కార్యదర్శి కూడా వెంట వచ్చాడు. మూడో అంతస్తు మలుపులో కిటికీ తెరిచి ఉంది. గాలి ఒక్కసారి కొట్టింది. దీపం ఆరిపోయింది.

"అగ్గిపెట్టె లేదాండీ?"

"నడుముల ఉన్నది. గని అది మా ఇంటిది."

ఆయన నన్ను చూశాడు, పైన మెట్లను చూశాడు. నేను కాళ్ళ నొప్పులతో గోడకు చేరగిలబడి ఉన్నాను. నా చేతిలోంచి పెంకు తీసుకుని పైకెళ్ళాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి నెమ్మదిగా అడుగులు వినిపించాయి. ఒక చేత్తో పెంకు, ఇంకో చెయ్యి మంటకు అడ్డం, ఆఫీసు ట్యాగు మంటలో పడకుండా వీపు మీదికి తిప్పుకుని, చెమటలు కక్కుతూ దిగుతున్నాడు. కిటికీ దగ్గరికి రాగానే నేను లేచి కొంగు అడ్డం పట్టాను. ఆ మిగిలిన మెట్లన్నీ ఇద్దరం ఒకరి పక్కన ఒకరు దిగాం. గేటు దగ్గర పెద్దాయన ఏమీ అడగకుండా తీశాడు.

ఆవంలో మా ఆయన అన్నీ పేర్చి సిద్ధం చేశాడు. కింద పిడకలు, కట్టెలు, వాటి మీద బోనం కుండలు, నడుమ పోచమ్మ, పైన మూకుళ్ళు, ఆపైన గడ్డి, మట్టి పూత. ఆ దీపంతో అంటించాను. తెల్లటి పొగ లేచింది. అది మట్టిలోని తడి, అదంతా పోయాక పొగ ఉండదని, వెంట వచ్చిన కార్యదర్శికి చెప్పాను. ఆయన వినలేదు. తలెత్తి పొగ ఎటు పోతుందో చూస్తున్నాడు. అది నాలుగో అంతస్తు దాటి, ఐదు దాటి, సరిగ్గా ఆయన బాల్కనీ మీదికి వంగింది. జేబులోంచి ఫోను తీశాడు.

"అమ్మా, తీగ మీద బట్టలు లోపలికి తీసెయ్" అన్నాడు.

నేను ఆవం వెనక్కి పోయి కట్టెలు సర్దుతున్నట్టు నటించాను. కళ్ళల్లో నీళ్ళు పొగ వల్ల అని మా ఆయన అనుకున్నాడు. అనుకోనిచ్చాను.

పొగ ఒంటిగంటన్నరకు ఆగింది. అంతదాకా నేను అన్నం ముట్టలేదు. నీళ్ళ బిందెలు రెండు నింపి ఆవం పక్కనే పెట్టుకుని వాటివైపు చూడకుండా కూర్చున్నాను. మూడున్నరకు స్కూలు బస్సు హారన్ వినిపించినప్పుడు ఆ బిందెలు తీసుకుపోయి మల్లెచెట్టుకు పోశాను.

మర్నాడు పొద్దున ఆవం విప్పాం. బూడిదలో చెయ్యి పెడితే మొదట ఒక మూకుడు తగిలింది. దాన్ని తీసి విడిగా గోడ మీద పెట్టాను. తర్వాత నడుమ నుంచి పోచమ్మను లేపాను. ఎక్కడా నెర్రె లేదు. వేలి కణుపుతో తడితే కంచు మోగినట్టు మోగింది. నేను ఆమెను ఒడిలో పెట్టుకుని బూడిద తుడుస్తుండగా మున్సిపాలిటీ ఉద్యోగి లోపలికి వచ్చాడు. వెనక బ్లాకు నుంచి ఎవరో ఫోటో తీసి పంపారట.

"చెప్పిన గదమ్మా" అన్నాడు, పాపం, బాధపడుతూనే. "ఇప్పుడు నన్నేం జెయ్యమంటవ్?"

నేను నోరు తెరిచేలోపు గోడ అవతల నుంచి ఎవరో ఆగండి అన్నారు. కార్యదర్శి గేటు వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చాడు. ఇవ్వాళ మెడలో ట్యాగు లేదు, కాళ్ళకు ఇంటి చెప్పులు.

"నిప్పు మా ఇంటిదండి" అన్నాడు.

ఉద్యోగికి అర్థం కాలేదు. "మొన్నటి దాకా కంప్లైంటు మీదే గద సార్?"

"అప్పుడు నిప్పు మాది కాదండి. ఇప్పుడు మాదే. ఏ రోజు పెడతారో, ఎప్పటికి ఆగుతుందో మాకు చెప్పే పెట్టారు. మిగతా ఫ్లాట్లకి చెప్పాల్సిన పూచీ నాది, నేను చెప్పలేదు. మీరు రాసుకోవాలంటే మా ఫ్లాటు నంబరే రాసుకోండి."

ఉద్యోగి ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు, నా ఒడిలో పోచమ్మను చూశాడు. చెప్పులు విడిచి అమ్మవారికి దండం పెట్టాడు. ఈసారి మంచినీళ్ళు కూడా అడగలేదు, ఫోను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను లేచి గోడ మీది మూకుడు తెచ్చి కార్యదర్శి రెండు చేతుల్లో పెట్టాను. నిప్పిచ్చిన ఇంటికి మొదటిది అన్నాను. ఆయన దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, "ఇంకా కాలుతోందండీ" అన్నాడు.

"జర పట్టుకోన్రి సారూ" అన్నాను. "అలవాటైతది."